సైథాన్ 'ఎంబెడ్' ఆప్షన్: మిర్యాలగూడ కాంటాల మీద ఐదేండ్లు వాడినంక

మిర్యాలగూడ చుట్టుపక్కల రైసు మిల్లుల్లో లారీ కాంటాకు ప్రోగ్రాములు రాసిస్తుంటాను. నిండు బరువు, ఖాళీ బరువు, తేమ కోత, చీటీ ప్రింటు. అంతే పని, అంతా పైథాన్‌లోనే. 2020లో ఒక మిల్లులో ఎవరో ఆ ఫైలు తెరిచి, కోత మొదలయ్యే తేమను 17 శాతం నుంచి 15కు దించారు. రైతులు లొల్లి చేస్తే గానీ నాకు తెలియలేదు. పైథాన్ ఫైలును ఎవరైనా తెరిచి మార్చేయొచ్చు, కోడ్ కనబడకుండా కంపైల్ చేసి ఇవ్వాలని ఆ రాత్రే సైథాన్ పట్టుకున్నాను.

సైథాన్ పైథాన్ కోడ్‌ను సీ కోడ్‌గా మారుస్తుంది. మామూలుగా ఆ సీ ఫైలులో మెయిన్ ఫంక్షన్ (ప్రోగ్రాం మొదలయ్యే చోటు) ఉండదు, ఎందుకంటే అది వేరే ప్రోగ్రాం ఇంపోర్ట్ చేసుకునే మాడ్యూల్. దాన్నే జీసీసీకి (సీ కంపైలర్) ఇచ్చి నేరుగా నడిచే ఫైలు చేయమంటే 'అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్ టు మెయిన్' అని మొరాయిస్తుంది. సైథాన్ నడిపేటప్పుడు ఎంబెడ్ ఆప్షన్ ఇస్తే ఫైలు చివర్న మెయిన్ వచ్చి చేరుతుంది. అది పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను లేపి, మన మాడ్యూల్‌ను నడుపుతుంది. మాడ్యూల్ పేరు కూడా '__మెయిన్__' అవుతుంది కాబట్టి, ఫైలును నేరుగా నడిపితేనే పనిచేయాలని అడుగున రాసుకునే ఇఫ్ షరతును నేను ముట్టుకోవాల్సిన పనే పడలేదు.

నా కంప్లైంటు దాని పేరు మీద. 'ఎంబెడ్' అంటే పైథాన్ మొత్తం లోపల కూర్చుందనుకున్నాను. కూర్చోదు. లిబ్‌పైథాన్ (ఇంటర్‌ప్రెటర్ ఉండే లైబ్రరీ), స్టాండర్డ్ లైబ్రరీ, కాంటా ఇండికేటర్‌తో మాట్లాడే పైసీరియల్, అన్నీ మిల్లు కంప్యూటర్‌లో విడిగా ఉండాల్సిందే. 2022 వానాకాలం వడ్లు దిగుతున్న రోజుల్లో పొద్దున్నే ఫోను: "అన్నా, కాంటా తెరుచుకుంటలేదు, గేటు బయట లారీలు లైను కట్టినయ్." ముందు రోజు మిల్లు కంప్యూటర్ చూసుకునే పిల్లగాడు దాంట్లోని ఉబుంటు లినక్స్‌ను 20.04 నుంచి 22.04కు అప్‌గ్రేడ్ చేసి, పాతవి తీసేయాలా అంటే సరే అన్నాడు. పైథాన్ 3.8 పోయి 3.10 వచ్చింది. నా ఫైలేమో ఇంకా 3.8 లైబ్రరీనే వెతుక్కుంటోంది. నల్గొండ నుంచి బండి మీద పోయి అక్కడే మళ్లీ కంపైల్ చేసేదాకా చీటీలు చేత్తోనే రాశారు.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. మేక్‌ఫైలులో (కంపైల్ ఆదేశాలు రాసుకునే ఫైలు) ప్రతి ఫైలుకూ ఎంబెడ్ తగిలించాను. నాలుగు ఫైళ్లు, నాలుగు మెయిన్లు, అన్నిటినీ ఒక్కటిగా కలిపే లింకర్ ఒప్పుకుంటుందా? ఇప్పుడు మొదలయ్యే ఒక్క ఫైలుకే ఎంబెడ్, మిగతా మూడూ షేర్డ్ లైబ్రరీలు. విండోస్ మీద మింగ్‌డబ్ల్యూతో (అక్కడ నడిచే జీసీసీ) చేసేవాళ్లు 'యమ్‌యూనికోడ్' ఫ్లాగ్ మరవొద్దు, ఎందుకంటే అక్కడ మెయిన్ బదులు పుట్టేది డబ్ల్యూమెయిన్.

నచ్చింది మాత్రం చెప్పాలి. కోడ్ దాగినా ఎర్రర్ వస్తే పైథాన్ ఫైలు పేరు, లైను నంబరు అలాగే కనబడతాయి. మిల్లులో పిల్లగాడు ఫోనులో "లైన్ 212 అంటుంది అన్నా" అని చదువుతాడు, నేను ఇక్కడ నా ఫైలు తెరిచి చూస్తే అది ప్రింటర్ కాగితం లైనే అయి ఉంటుంది.

కంప్యూటర్ మీ చేతిలో ఉంటే నిశ్చింతగా వాడొచ్చు. పెన్‌డ్రైవ్‌లో వేసి ఎక్కడికైనా పంపాలంటే ఇది ఒక్కటే చాలదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకటి చూసుకోండి: పైథాన్ 3.8 నుంచి లింక్ ఫ్లాగ్‌లు అడిగే పైథాన్3-కాన్ఫిగ్‌కు కూడా ఎంబెడ్ అనే చెప్పాలి. పేరు అదే, పని వేరు. అది మరిచి నేనొక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.