చిన్న హైస్కూల్లో ఏపీ కెమిస్ట్రీయా, బ్యాండా?

అమెరికాలో పిల్లల్ని చిన్న పబ్లిక్ హైస్కూల్లో చదివిస్తున్న మనవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: "ఏపీ కెమిస్ట్రీ, బ్యాండ్ రెండూ ఒకే పీరియడ్‌లో పడ్డాయి, ఏది వదిలేయమంటారు?" ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. బ్యాండ్ అంటే స్కూల్ వాద్యబృందం, అదీ ఒక క్లాసే. మొన్న మార్చిలో మా ఇంట్లోనూ ఇదే టెన్షన్.

పెద్ద స్కూల్లో ఏపీ కెమిస్ట్రీకి రెండు మూడు సెక్షన్లుంటాయి. ఒకటి కుదరకపోతే ఇంకోటి. మా అమ్మాయి స్కూల్లో అన్ని క్లాసులూ కలిపితే మూడు వందల మంది. కెమిస్ట్రీకి ఒకటే సెక్షన్, అదీ సెకండ్ పీరియడ్. బ్యాండ్ కూడా అప్పుడే. చిన్న స్కూల్లో కోర్సులు తక్కువని అందరూ బాధపడతారు గానీ, అసలు చిక్కంతా ఈ టైమ్‌టేబుల్‌తోనే.

ఏపీ తేలిగ్గా వదులుకునేది కాదు. మేలో జరిగే ఏపీ పరీక్షలో ఐదుకి 4, 5 వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. కాకపోతే కెమిస్ట్రీ బయట కూడా దొరుకుతుంది. చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ పిల్లలు డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ (హైస్కూల్లో ఉంటూనే కాలేజీ కోర్సు తీసుకోవడం) కింద కమ్యూనిటీ కాలేజీలో చదువుకోవచ్చు. క్లాసు తీసుకోకుండా ఏపీ పరీక్ష రాయడానికీ వీలుంది, అయితే ల్యాబ్ ఉన్న సబ్జెక్టుకి నేనది చెప్పను. స్కూల్లో ఏ కోర్సులున్నాయో కాలేజీ అప్లికేషన్‌తో పాటు వెళ్లే స్కూల్ ప్రొఫైల్‌లో ఉంటుంది. రెండు క్లాసులు ఢీకొన్న సంగతి మాత్రం అందులో ఉండదు. అది తన సిఫారసు లెటర్లో రాయమని కౌన్సెలర్‌ని అడగండి.

బ్యాండ్ అలా బయట దొరకదు. మా అమ్మాయి ఊదే ట్రాంబోన్ పాఠాలు ఎక్కడైనా చెప్పించుకోవచ్చు, నలభై మందితో కలిసి వాయించడం ఎక్కడ దొరుకుతుంది? వీళ్ల బ్యాండ్‌లో ట్రాంబోన్లు రెండే. శీతాకాలం కాన్సర్ట్ రోజు రెండో అబ్బాయి జ్వరంతో రాలేదు. వాళ్ల వంతు రాగానే డైరెక్టర్ మా అమ్మాయి ఒక్కదానివైపే తిరిగి చెయ్యెత్తాడు. మొదటి స్వరం కాస్త వణికింది, తర్వాత నిలబడింది. పెద్ద స్కూల్లో అయితే ఆ భారం తన మీద పడేదే కాదు. అందుకే నా ఓటు బ్యాండ్‌కే.

కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు కలిపి పెట్టే ఆన్‌లైన్ అప్లికేషన్) పది యాక్టివిటీలకు చోటుంది కదా అని నెలకోసారి కలిసే క్లబ్బులన్నింట్లో చేర్పించే పద్ధతి ఒకటుంది. దాని జోలికి పోవద్దు.

లెక్కల క్లాసు అడ్డొస్తే మాత్రం నా మాట పక్కన పెట్టండి. ఆల్జీబ్రా 2, ప్రీకాల్కులస్, కాల్కులస్ ఒకదాని మీద ఒకటి కట్టుకొచ్చేవి. ఒక ఏడాది తప్పితే తర్వాతవన్నీ వెనక్కి జరుగుతాయి. అక్కడ లెక్కలకే నా ఓటు.

మేం బ్యాండ్ ఉంచుకుని కెమిస్ట్రీ కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్నాం. అక్కడి గ్రేడ్ కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది కాబట్టి ఈ సెమిస్టర్‌కి బయటి కోర్సు ఇదొక్కటే. మంగళ, గురువారాలు సాయంత్రం క్లాసు, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ గేమ్‌లో బ్యాండ్. బుధవారం ఏమీ పెట్టలేదు. ఆ రోజు తొమ్మిదింటికల్లా నిద్రపోతోంది.