మేకప్పా, జుట్టా, బట్టలా: ఫోటోగ్రాఫర్ ముందు ఏది నేర్చుకోవాలి?

ఫ్యాషన్ ఫోటోగ్రఫీలోకి వచ్చి, లైటింగ్ కాస్త చేతికి పట్టుబడ్డాక దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది. టీమ్‌లో ఆ పనులకు మనుషులు ఉన్నా లేకపోయినా మూడింటి గురించీ కొంత తెలిసుండాలి, సరే. మొదలెక్కడ? ఎక్కువమంది నేరుగా మేకప్ కోర్సులో చేరిపోతారు. నా ఓటు మాత్రం బట్టలకి. తర్వాత జుట్టు, చివర్లో మేకప్.

ఫోటోగ్రాఫర్ చూసుకోవాల్సిన లెక్క ఒకటే. సెట్‌లో కంటబడకుండా జారిపోయిన తప్పు, తర్వాత ఎడిటింగ్‌లో ఎంత సమయం తింటుంది? మూడింటినీ ఆ తూకంలోనే పెట్టి చూద్దాం.

మేకప్

మచ్చ, కళ్ల కింద నలుపు, చెదిరిన లిప్‌స్టిక్ అంచు, ఎక్కువైన బ్లష్ ఇవన్నీ రీటచింగ్‌లో నిమిషాల పని. ముఖానికీ మెడకీ రంగు కలవకపోయినా ఒక మాస్క్ (ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకోవడం), ఒక కర్వ్ (వెలుగు, రంగు సర్దే గీత)తో దారికొస్తుంది. అయినా రెండు మూడు సంగతులు తెలియకపోతే దెబ్బ తింటారు.

మొదటిది, ఫ్లాష్‌లో ముఖం తెల్లగా తేలిపోవడం. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్లు, ఫౌండేషన్లు, చర్మంలో సరిగ్గా కలవని సిలికా పౌడర్ దీనికి కారణాలు. మామూలుగా చూస్తే ఏమీ తెలియదు. కెమెరా మీది ఫ్లాష్‌లా లెన్స్ వైపు నుంచే కాంతి పడినప్పుడు మాత్రం కళ్ల కింద పిండి చల్లినట్టు బయటపడుతుంది. మేకప్ అవగానే నేరుగా ఫ్లాష్ కొట్టి ఒక ఫ్రేమ్ తీసి చూసుకుంటే చాలు.

రెండోది మెరుపు. నుదురు మెరుస్తోందని పౌడర్ మీద పౌడర్ వేయిస్తే, అది చర్మం మీది నూనెతో కలిసి పెచ్చులు కడుతుంది. ముందు బ్లాటింగ్ పేపర్‌తో అద్ది, ఆపైన పల్చగా పౌడర్ వేయాలి. అంతకన్నా ముందు లైట్‌ను కాస్త జరిపి చూడండి. ఆ మెరుపు మీ లైట్ ప్రతిబింబమే కాబట్టి కోణం మారితే అదీ జరుగుతుంది. చిన్న హార్డ్ లైట్‌లో చుక్కలా గుచ్చుకునేది పెద్ద సాఫ్ట్‌బాక్స్‌లో పలచబడిపోతుంది.

మేకప్ టేబుల్ దగ్గర 3200 కెల్విన్ (కాంతి రంగుకు కొలమానం) పసుపు బల్బులు పెట్టి, 5500 కెల్విన్ ఫ్లాష్‌తో తీస్తే రంగు తేడా కొట్టక మానదు. అక్కడ కూడా పగటి వెలుగు రంగు బల్బులే ఉండాలి. మేకప్‌లో ఫోటోగ్రాఫర్ పని దాదాపు ఇంతే. బ్రష్ పట్టడం వచ్చినా మంచిదే కానీ అది వేరే వృత్తి.

జుట్టు

ఇక్కడి నుంచి ఎడిటింగ్ బరువు పెరుగుతుంది. కంటి మీదుగా అడ్డం పడిన ఒక్క వెంట్రుకను తీసేయాలంటే దాని కింది కనుబొమ్మ, రెప్ప, చర్మం మళ్లీ అల్లుకోవాలి. వెనక లైట్ పెడితే తల చుట్టూ లేచిన పొట్టి వెంట్రుకలన్నీ వెలుగుతాయి. వెనకాల సాదా గోడ ఉంటే పర్వాలేదు. చెట్ల ఆకులో, ఇటుక గోడో ఉంటే మాత్రం ఒక్కొక్కటీ విడిగా తుడవాల్సిందే.

వాటిని అణచడానికి హెయిర్ స్ప్రే నేరుగా తల మీద కొడితే జుట్టు తడిసి పాయలుగా అంటుకుంటుంది. శుభ్రమైన టూత్‌బ్రష్ మీద స్ప్రే చేసి, జుట్టు వాలు దిశలోనే పైపైన దువ్వాలి. సీరమ్ ఒకటి రెండు చుక్కలు చాలు. అరచేతుల్లో రుద్ది, సగం నుంచి కొసల దాకా రాయాలి. కుదుళ్లకు తగిలితే జిడ్డుగా కనిపిస్తుంది. సింథటిక్ బట్ట రాసుకుని లేచే జుట్టు, చేతులు కాస్త తడి చేసుకుని నిమిరితే దిగుతుంది.

హెయిర్ స్టైలిస్ట్‌ను తొందరపెట్టడం ఫోటోగ్రాఫర్లు చేసే పెద్ద చేటు. వేడికి జుట్టులోని హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి. చల్లారేటప్పుడే కొత్త ఆకారంలో మళ్లీ కుదురుకుంటాయి. వేడి తగ్గకముందే దువ్వి సెట్‌లోకి రమ్మంటే కర్ల్స్ కాసేపటికే సాగిపోతాయి.

నల్ల జుట్టు నల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతే అది స్టైలిస్ట్ తప్పు కాదు, మీ లైట్ తప్పు. వెనక నుంచో పక్క నుంచో సన్నటి లైట్ ఒకటి పడాలి. ఆ లైట్ పాపిట మీద పడి తల చర్మం తెల్లగీతలా వెలిగితే, జుట్టు రంగు ఐషాడో అద్దండి.

బట్టలు

చిన్న టీముల్లో మేకప్‌కి మనిషిని పెడతారు, ఆ మనిషే జుట్టూ చూస్తారు. బట్టలు మాత్రం ఒక బ్యాగులో వస్తాయి, వాటిని పట్టించుకునేవారుండరు. తప్పులు ఎక్కువగా జరిగేదీ, దిద్దడం కష్టమయ్యేదీ ఇక్కడే. ప్లెయిన్ బట్ట మీది ముడతలే బోలెడంత పని పెడతాయి. చారలో గళ్లో ఉన్న బట్టను లిక్విఫైతో (ఫోటోలో ఆకారాన్ని లాగి సర్దే ఎడిటింగ్ సాధనం) లాగితే డిజైన్ వంకరపోయి దొరికిపోతుంది.

మొదట నేర్చుకోవాల్సింది ఫిట్టింగ్. వదులైన జాకెట్టునో గౌనునో వీపు వెనక వెన్నెముక వెంట పట్టుకుని క్లిప్పులు పెడతారు. ఒక్కచోటే గట్టిగా లాగితే ముందు వైపు అడ్డంగా గీతలు తేలతాయి. అవి కనిపించగానే క్లిప్పు వదులు చేసి, అదే వదులును పైన ఒకటి, కింద ఒకటి పెట్టి పంచాలి. అన్నిటికన్నా ముందు భుజం కుట్టు భుజం ఎముక కొన దగ్గరే ఉందా అని చూడండి. అది జారితే నడుము దగ్గర ఎంత బిగించినా లాభం లేదు. ఇంకో మాట, క్లిప్పులు ఎదురుగా తీసే ఫోటోకే పనికొస్తాయి. మోడల్ పక్కకు తిరిగే షాట్ ఉంటే కుట్టు వెంట లోపలి వైపు నుంచి పిన్నీసులు పెట్టాలి, లేదా వదులుగా టాకా వేయాలి.

స్టీమర్ పట్టేటప్పుడు బట్టను వేలాడదీసి, అంచు పట్టుకుని కిందికి కాస్త లాగుతూ, వీలైతే లోపలి వైపు నుంచి ఆవిరి పట్టాలి. పూర్తిగా ఆరకముందే తొడిగితే మోచేతుల దగ్గర, నడుము దగ్గర కొత్త ముడతలు పడతాయి. ఒంటి మీదున్న బట్టకు ఆవిరి పట్టొద్దు, చర్మం కాలుతుంది. లినెన్ వేసుకున్న మోడల్‌ను షాట్ అయ్యేదాకా కూర్చోనివ్వకండి. వెల్వెట్‌కు ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలితే నూగు అణిగి మచ్చ పడుతుంది. నూగు పైకి లేచేలా కుట్టిన వెల్వెట్ చిక్కటి రంగులో, కిందికి వాలేలా కుట్టినది కాస్త లేతగా కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ చూసుకునేటప్పుడు ఇది పనికొస్తుంది.

బట్ట, లైట్ కలిసే చోటు ఫోటోగ్రాఫర్ తప్ప ఇంకెవరూ చూడరు. ఎర్ర బట్ట గడ్డం కిందికి ఎర్రదనం విసురుతుంది. దాన్ని ముందే గమనిస్తే లైట్ ఎత్తు మార్చో, పోజు మార్చో తగ్గించవచ్చు. ఉతికిన తెల్ల బట్టల్లోని ఆప్టికల్ బ్రైటెనర్లు అల్ట్రావయొలెట్‌ను పీల్చుకుని నీలి కాంతిగా వదులుతాయి. చర్మం రంగు సరిగ్గా ఉండి చొక్కా మాత్రం నీలంగా పడితే వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా పడేలా కెమెరాలో చేసే రంగు సర్దుబాటు) తిట్టుకోకండి, చొక్కా వరకే నీలం తగ్గించండి. సన్నచారల సూటు మీద మోయిరే అలలు (సన్న చారలు కెమెరా సెన్సర్ గడులతో కలిసి ఏర్పరిచే, బట్ట మీద లేని అలల డిజైన్) వస్తే ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి తీయండి. కెమెరా స్క్రీన్ మీద చిన్నగా చూస్తే మోసపోతారు, 100 శాతం జూమ్ చేసి చూడాలి.

తొడిగే వరుస కూడా ముఖ్యమే. తల మీదుగా వేసే బట్ట అయితే మేకప్‌కు ముందే తొడగాలి, లేదా ముఖానికి పల్చటి గుడ్డ కప్పి తొడగాలి. మేకప్ కుర్చీలో మోడల్ ముందువైపు బొత్తాలున్న చొక్కా వేసుకుంటే ఈ గొడవే ఉండదు. బిగుతు ఎలాస్టిక్ గీతలు చర్మం మీద చాలాసేపు నిలుస్తాయి కాబట్టి గంట ముందే వదులు బట్టల్లోకి మారమనండి.

ఇదంతా నేర్చుకోవడానికి ఒక డమ్మీ, పది క్లిప్పులు, ఒక స్టీమర్, మీ కొలతకు రెండు సైజులు పెద్దవైన చొక్కాలు చాలు. ప్రతి మార్పుకీ ఒక ఫోటో తీసి పోల్చుకోండి. ఆ తర్వాత కుట్టుపని ప్రాథమికాలు, అంటే డార్ట్ (ఒంటికి అమరేలా బట్టను మడిచి వేసే కుట్టు), బయాస్ (బట్ట ఏటవాలు దిశ), నిలువు పోగు (బట్ట పొడవు దిశలో సాగే దారం) గురించి తెలుసుకుంటే స్టైలిస్ట్‌తో మాట్లాడటం తేలికవుతుంది. జుట్టుకూ మేకప్‌కూ అయితే కోర్సుకన్నా ఒక మంచి ఆర్టిస్ట్ పక్కన నిలబడి చూడటమే మేలు.

గోళ్లు, నగలు, బూట్లకు విడిగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. గోళ్ల రంగు చెదిరిందా, గొలుసు కొక్కెం ముందుకు జారిందా చూసుకోండి. తిరిగి ఇచ్చేయాల్సిన బూట్లైతే అడుగున మాస్కింగ్ టేప్ అంటించండి.