ఒడ్డున కూర్చునేవాళ్ళను బట్టే వండర్‌లా ప్లాన్

వాటర్ పార్కు అనగానే అందరూ ఎన్ని రైడ్లు ఉన్నాయని అడుగుతారు. మా ఇంట్లో ఆ లెక్కతో పని జరగదు. మోకాళ్ళ నొప్పులున్న, నీళ్ళల్లో దిగనంటే దిగనని ముందే చెప్పేసిన అత్తమ్మ ఒకరు. ఆరో తరగతిలో ఉండి ఇంకా 137 సెంటీమీటర్లే ఉన్న మా చిన్నది ఒకతె. వీళ్ళిద్దరూ విసుక్కోకుండా ఉంటే మిగతా వాళ్ళ రోజు దానంతట అదే సాగుతుంది. అందుకే ఈసారి ప్లానంతా వీళ్ళ వైపు నుంచే వేశాను. మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, మరిది, యారాలు, వాళ్ళ బాబు, అత్తమ్మ. నల్లగొండ నుంచి ఒకే బండిలో వెళ్ళాం.

ముందు దారి సంగతి. హైదరాబాద్ వండర్‌లా ఆదిభట్ల పక్కన రావిర్యాలలో ఉంది, ఔటర్ రింగ్ రోడ్డు 13వ నంబర్ ఎగ్జిట్. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఇది పెద్ద సుఖం. ఎల్బీనగర్ ట్రాఫిక్‌లోకి పోయే పనే లేదు. 65వ నంబర్ హైవే మీద పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే అది 11, తర్వాత బొంగ్లూరు 12, ఆ తర్వాతది మనది. ఔటర్ మీద బైకులను రానివ్వరు కాబట్టి బైకు మీద వచ్చే కుర్రాళ్ళు కింది రోడ్లు చూసుకోవాలి. గేటు 11కి తెరుస్తారు. మేము ఏడు గంటలకు బయల్దేరి, చౌటుప్పల్ దాటాక టిఫిన్ చేసి, పదిన్నరకల్లా పార్కింగ్‌లో ఉన్నాం.

అక్కడే పులిహోర డబ్బా తెరిచాం. బయటి తిండి లోపలికి తీసుకుపోనివ్వరు, ఇది తెలిసిన విషయమే. గేటు దగ్గర సంచీలు విప్పించుకుని మొహాలు మాడ్చుకోవడం కన్నా కార్లోనే తినేసి వెళ్ళడం నయం. సాయంత్రానికి సకినాలు, పల్లీపట్టీలు, ఒక పెద్ద ఫ్లాస్కు చాయ్ డిక్కీలో ఉంచాను. నీళ్ళల్లో ఆడి వచ్చిన పిల్లల ఆకలి ఎలా ఉంటుందో కన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ ఆకలి మొత్తాన్ని లోపలి రెస్టారెంట్లలో తీర్చాలంటే ఎనిమిది మందికి బిల్లు గట్టిగానే అవుతుంది. మధ్యాహ్నం భోజనం మాత్రం లోపలే చేశాం.

ఇక ఎత్తు. ఇక్కడ పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. పెద్ద పెద్ద రైడ్ల దగ్గరా ఎత్తు చూసే పంపుతారు. మా చిన్నది, మరిది కొడుకు ఒకే క్లాసు, నెలల తేడా. వాడు 141, ఇది 137. వాడికి పెద్దల టికెట్ కొనాలంటే మా యారాలు, "ఒక్క సెంటీమీటర్‌కు ఇంత రేటా అక్కా" అని దారి పొడుగునా నవ్వుతూ సణిగింది. వాడేమో ఆ ఒక్క సెంటీమీటర్‌తో రికాయిల్ అనే రోలర్ కోస్టర్ ఎక్కుతానని కాలర్ ఎగరేశాడు. మా చిన్నదానికి ఏడుపు.

ఈ ఏడుపు గేటు దగ్గర కాకుండా ఇంట్లోనే అయిపోయేలా చూసుకున్నాను. బయల్దేరే ముందు రోజే ఇద్దరినీ తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, నెత్తిన అట్ట పుస్తకం పెట్టి పెన్సిల్‌తో గీత గీశాను. పొద్దున్నే కొలవండి. రోజంతా నిలబడి, తిరిగి ఉంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కులు కాస్త అణిగి, సాయంత్రానికి ఓ సెంటీమీటర్ దాకా తగ్గుతారు. సరిగ్గా 140 దగ్గర ఊగిసలాడే పిల్లలున్న ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. కొలిచాక, నువ్వు ఎక్కలేనివి ఇవి, అవి వాళ్ళు ఎక్కేటప్పుడు నువ్వూ నాయనమ్మా వేరే చోట ఉంటారు అని దానికి విడమరిచి చెప్పాను. ఓ పూట మాట్లాడలేదు. పార్కులోకి వచ్చాక మాత్రం ఆ గొడవ మళ్ళీ ఎత్తలేదు.

60 దాటినవాళ్ళకు టికెట్ తక్కువ, ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి. మామూలు రోజుల్లో ఒక రేటు, శని, ఆదివారాలు, పండగల్లో ఇంకో రేటు ఉంటాయి కాబట్టి వెబ్‌సైట్లో తేదీ నొక్కి చూసి, ఆన్‌లైన్లోనే కొనుక్కోవడం మంచిది. లైన్లు తప్పించుకోవడానికి ఫాస్ట్‌ట్రాక్ అని ఎక్కువ ధర టికెట్ కూడా ఉంది. మామూలు బుధవారానికి అది దండగ. మే నెల ఆదివారం తప్పక వెళ్ళాల్సి వస్తే, పిల్లలు పెద్దవాళ్ళైతే, అప్పుడు ఆలోచించవచ్చు. ఈ టికెట్ల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2018 జనవరిలో 18కి తగ్గించారు. మా ఆయనకు ఇలాంటివి చెప్పకపోతే నిద్ర పట్టదు. ఈ కంపెనీ వీగార్డ్ స్టెబిలైజర్ల వాళ్ళదేనని, 2000లో కొచ్చిలో మొదలై 2005లో బెంగళూరుకు, 2016లో మన దగ్గరికి వచ్చిందని కూడా ఆయనే చెప్పారు. మా ఫ్రిజ్ వెనక పదేళ్ళుగా ఉన్న ఆ తెల్ల డబ్బాకు, ఈ జారుడుబల్లలకు చుట్టరికమన్నమాట.

బట్టల దగ్గర మాత్రం జాగ్రత్త. నీళ్ళల్లోకి నైలాన్, పాలిస్టర్ లాంటి బట్టలే. కాటన్, చీర, లుంగీ, జీన్స్ కుదరవు. ఊరికే పెట్టిన రూలు కాదది. కాటన్ నీళ్ళు తాగి బరువెక్కుతుంది, జారేచోట పట్టేస్తుంది, దాని పీచు ఊడి వెళ్ళి ఫిల్టర్లలో చేరుతుంది. జీన్స్ గుండీలు, జిప్పులు ఫైబర్ జారుడుబల్లల మీద గీతలు పెడతాయి, ఆ గీతలు తర్వాత జారేవాళ్ళ వీపులకు తగులుతాయి. మా ఊళ్ళో ఒక బట్టల షాపులో యారాలికి "స్విమ్మింగ్‌కు ఫస్ట్ క్లాస్ మేడమ్" అని నల్ల లెగ్గింగ్ అంటగట్టారు. ఇంటికి వచ్చి లోపలి లేబుల్ చూస్తే చిన్న అక్షరాల్లో కాటనే ఎక్కువ భాగం. ఆమె నమ్మలేదు. బాత్రూమ్‌లో చెంబు నీళ్ళు పోసి చూపించాను. నీళ్ళు పీల్చుకుని, పిండినా బొట్లు ఆగలేదు. అసలు నైలాన్ మీద నీళ్ళు పోస్తే జారిపోతాయి, దులిపితే సగం ఆరినట్టే. షాపులోనే బట్ట మీద రెండు నీటి చుక్కలు వేసి చూసుకోండి, షాపువాడు ఏమనుకున్నా సరే. లోపల కూడా ఈ బట్టలు అమ్ముతారు గానీ అక్కడ సైజు, రంగు ఏది దొరికితే అదే.

నగల సంగతి మగవాళ్ళెవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నా. గొలుసులు, గాజులు, పట్టీలు ఇంట్లోనే వదిలేయండి. జారేటప్పుడు దేనికి తట్టుకున్నా ప్రమాదం, క్లోరిన్ నీళ్ళు నగలకూ మంచిది కాదు. పుస్తెలతాడు తీయాలంటే యారాలికి మనసొప్పలేదు. గొలుసు బదులు పసుపుతాడుకు మార్చుకుని, టీషర్టు లోపలికి వేసుకుని వచ్చింది. మెడకు అంటిన పసుపు తప్ప ఏ ఇబ్బందీ రాలేదు. పిన్నీసులు మాత్రం పెట్టుకోకండి.

లోపలికి వెళ్ళగానే రికాయిల్. ముందుకు తిప్పి, మళ్ళీ అదే దారిలో వెనక్కి తిప్పే రోలర్ కోస్టర్ అది. గేటు తెరిచిన కొత్తలోనే అక్కడికి వెళ్ళాలి, తర్వాత లైను పెరుగుతుంది. మరిది, పెద్దోడు, 141 సెంటీమీటర్ల వీరుడు ఎక్కారు. వీరుడు దిగాక కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. అదే సమయంలో అత్తమ్మ, చిన్నది, నేను పిల్లల రైడ్ల వైపు ఉన్నాం. ఇక్కడ పెద్దలు పక్కన కూర్చోగలిగినవి కొన్ని ఉంటాయి. అవి ముందే చూసి పెట్టుకుంటే ఒడ్డున మిగిలిన జంటకు పని దొరుకుతుంది.

తర్వాత అందరం మిషన్ ఇంటర్‌స్టెల్లార్‌కు వెళ్ళాం. కుర్చీల్లో కూర్చోబెట్టి, పెద్ద తెర ముందు గాల్లోకి లేపి అంతరిక్షంలో తిప్పినట్టు చూపిస్తారు. బోర్డు మీద ఎవరు ఎక్కకూడదో రాసి ఉంటుంది, పెద్దవాళ్ళకు గుండె, బీపీ, నడుము సమస్యలుంటే చదవకుండా ఎక్కించకండి. అత్తమ్మకు మోకాళ్ళు తప్ప ఏమీ లేదు. బెల్టు పెట్టగానే కళ్ళు మూసుకుంది. బయటికి వచ్చాక, "ఎంత దూరం పోయినమే?" అని చిన్నదాన్ని అడిగింది. "చాలా దూరం నానమ్మా, నువ్వే చూడలే." "నువ్వు చూసినవు గద, ఇంక నాకెందుకు" అంది.

భోజనం పన్నెండున్నరకే, తక్కువగా. కడుపునిండా బిర్యానీ తిని జారుడుబల్ల ఎక్కితే ఏమవుతుందో పోయినసారి వేరే రిసార్టులో చూశాం, పేరెందుకు లెండి. పెరుగన్నం తిన్నవాళ్ళు బాగున్నారు.

ఆ తర్వాత నీళ్ళు. వాటర్ రైడ్లు గేటు తెరవగానే మొదలు కావు, సాయంత్రం పార్కు మూసేకన్నా ముందే ఆపేస్తారు. అందుకే పొడి రైడ్లు పొద్దున, నీళ్ళు మధ్యాహ్నం. తడిసిన బట్టలతో అటూ ఇటూ తిరిగే బాధ ఉండదు. దిగే ముందు అందరూ షవర్ కింద నిలబడండి. కళ్ళు మండించే ఆ ఘాటు వాసన ఉత్త క్లోరిన్‌ది కాదు, చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి పుట్టేది. అంటే ఎంతమంది ఒళ్ళు కడుక్కోకుండా దిగితే అంత వాసన. ఆడపిల్లల జుట్టును ముందే మామూలు నీళ్ళతో తడిపితే క్లోరిన్ నీళ్ళు తక్కువ పీలుస్తుంది.

ఫోన్లన్నీ లాకర్లో ఉంటాయి కదా, మరి తప్పిపోతే? ఇక్కడే నా ప్లాన్ అక్కరకొచ్చింది. వేవ్ పూల్ దగ్గర నీడ ఉన్న చోటు చూసి అత్తమ్మను కూర్చోబెట్టి, ఆమె దగ్గర టవళ్ళ సంచి, లాకర్ తాళంచెవి, బజారంతా వినిపించే రింగ్‌టోన్ ఉన్న ఆమె బటన్ ఫోను ఉంచాం. ఎవరు ఏ రైడుకు వెళ్ళినా ముందు ఆమెకు చెప్పి వెళ్ళాలి, వచ్చాక ఆమెకు కనపడాలి. "నేను ఉత్తగ కూసుంట గదా" అని పొద్దున నీరసంగా అన్న మనిషి, గంట తిరిగేసరికి అందరి మీదా పెత్తనం చేస్తోంది. "నీ తమ్ముడు ఏడుండు? నువ్వు నీళ్ళు తాగినవా? కొద్దిసేపు నీడకు కూసో." చిన్నది పళ్ళు టకటకలాడించుకుంటూ వస్తే, టవల్ పక్కనే ఉన్నా, చీర కొంగుతోనే తల తుడిచింది.

పెద్దవాళ్ళు దిగుతామంటే నైలాన్ ప్యాంటు, టీషర్టు వేసుకుని లేజీ రివర్‌లో ట్యూబు మీద హాయిగా తేలొచ్చు. మా అత్తమ్మతో ఆ ప్యాంటు మాట అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

వేవ్ పూల్‌లో అలలు ఎప్పుడూ ఉండవు, కాసేపు వదిలి కాసేపు ఆపుతారు. పిల్లల్ని లోతు తక్కువ వైపు, అదీ అంచు దగ్గర, చేయి అందేంత దూరంలో ఉంచుకోండి. లైఫ్‌గార్డులు ఉన్నారని వదిలేయకండి, అల వచ్చినప్పుడు అందరి తలలూ ఒకేలా కనిపిస్తాయి. రెయిన్ డిస్కో పిల్లల కన్నా మా ఆయనకే ఎక్కువ నచ్చింది. పైనుంచి వాన, చుట్టూ పాటలు. కాలేజీ రోజుల స్టెప్పులన్నీ బయటికొచ్చాయి, వాటి గురించి ఇంతకన్నా రాయను.

ఎండకాలంలో వెళ్ళేవాళ్ళు అరికాళ్ళు చూసుకోండి, చెప్పులు లేకుండా నడిచే చోట నేల కాలుతుంది. నీళ్ళల్లో ఉన్నంతసేపూ చల్లగా ఉంటుంది కాబట్టి ఒళ్ళు మాడుతున్న సంగతే తెలియదు. పూర్తి చేతుల నైలాన్ చొక్కా సన్‌స్క్రీన్ కన్నా నమ్మకం. ఉరుములు, మెరుపులు వస్తే మాత్రం నీళ్ళల్లోంచి బయటికి రమ్మంటారు, పిల్లలు గోల చేసినా వినాల్సిందే.

ముగింపు టైమ్ దాకా నీళ్ళల్లో ఉండకండి. అందరూ ఒకేసారి బయటికి వస్తారు, బట్టలు మార్చుకునే చోట నిలబడే చోటుండదు. మేము అరగంట ముందే పిల్లల్ని లాక్కొచ్చాం. అత్తమ్మ కేకేస్తే వచ్చారు, నేను పిలిచినప్పుడు రాలేదు. తడి బట్టలకు ఒక ప్లాస్టిక్ సంచి, కారు సీట్ల మీదకు రెండు పాత దుప్పట్లు తప్పకుండా పెట్టుకోండి. పార్కింగ్‌లో సకినాలు అయిపోయేసరికి ఔటర్ మీద లైట్లు వెలిగాయి.

దసరా సెలవుల్లో మళ్ళీ పోదామని మరిది అప్పుడే మొదలుపెట్టాడు. సద్దుల బతుకమ్మ దగ్గర పడకముందే, శని, ఆదివారాలు కాకుండా ఏదన్నా మంగళవారం చూడమన్నాను. తలుపు చట్రం మీది గీత దగ్గర చిన్నది వారానికోసారి నిలబడి చూసుకుంటోంది. అది గనక అప్పటికి 140 దాటితే, అత్తమ్మ పక్కన ఎవరు ఉంటారన్నది మళ్ళీ కొత్తగా ఆలోచించుకోవాలి.