ప్రార్థన కంటే ముందు డాక్టర్ దగ్గరికి పంపారు

క్రైస్తవ కౌన్సెలింగ్ అంటే వాక్యం చదివి పంపేస్తారనుకున్నా. గుంటూరులో ఈ క్లినికల్ సైకాలజిస్ట్ మేడమ్, తాగుడు మానడానికి వచ్చిన మా ఆయన్ని మొదట అడిగింది, "పొద్దున్నే చేతులు వణుకుతున్నాయా?" అని. ఉన్నట్టుండి మందు మానేస్తే ఫిట్స్ రావచ్చని ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు. తర్వాతే థెరపీ. జీతం రోజు ఇంటికొచ్చే దారి కాగితం మీద గీయించి, వైన్ షాపు లేని సందు ఆయన చేతే వెతికించారు. మధ్యలో ఒకసారి జారారు. ఆవిడ అది పాపమని అనలేదు, ఆ రోజు గంట గంటకీ ఏం జరిగిందో రాయించారు.

శనివారం క్లాసులో 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) వారి 12 మెట్లు, యేసు కొండమీది ప్రసంగంతో కలిపి చెబుతారు. హిందువులూ వస్తారు, ప్రార్థనకు బలవంతం లేదు.

చిరాకల్లా ఒకటే: ఐదింటి అపాయింట్‌మెంట్ ఆరున్నరకి. ఈలోపు ఆయన టీకని బయటికెళ్తే నాకు ఒకటే టెన్షన్. ఫ్లాస్కు తెచ్చుకుంటున్నా.