గుణదల నుంచి సాంటియాగో బాటలోకి: సైకిల్ మీద తొలిరోజు

గుణదల తిరునాళ్ళ ఎరిగినవాళ్ళకి లూర్దు మాత పేరు కొత్త కాదు. ఫ్రాన్స్‌లోని ఆ లూర్దుకి వెళ్ళొచ్చిన కుటుంబాలు బెజవాడలో చాలానే ఉన్నాయి. అక్కడి నుంచి రైలెక్కి బయోన్‌లో మారితే ఒక్క పూటలో సెయింట్ జీన్ పియె ద పోర్ చేరొచ్చని మాత్రం చాలామందికి తెలియదు. స్పెయిన్‌లో యాకోబు అపొస్తలుడి సమాధి ఉన్న సాంటియాగోకి వెళ్ళే ఫ్రెంచ్ మార్గానికి మామూలుగా ఇదే మొదలు. మొత్తం దూరం 780 కిలోమీటర్ల పైచిలుకు. అందులో తొలిరోజు పాతిక కిలోమీటర్లే. రోజూ ప్రకాశం బ్యారేజీ దాటి కరకట్ట మీద అమరావతి దాకా తొక్కే మనవాళ్ళకి ఆ అంకె చూస్తే నవ్వొస్తుంది. కానీ సెయింట్ జీన్ దాదాపు 170 మీటర్ల ఎత్తున ఉంటే, దాటాల్సిన ఇబాన్యేత కనుమ 1057 మీటర్లు. ఆ రోజుని కిలోమీటర్లలో కాదు, ఎక్కుడులో లెక్కేసుకోవాలి. కరకట్ట ప్రాక్టీసు ఇందుకు పనికిరాదు. కోటప్పకొండ ఘాట్ రోడ్డు, అదీ బరువుతో, కొంతవరకు పనికొస్తుంది.

సైకిల్ ఇక్కడి నుంచి మోసుకెళ్ళాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా? నేను అద్దెకే ఓటేస్తాను. సెయింట్ జీన్‌లో అందించి, సాంటియాగోలో తిరిగి తీసుకునే సంస్థలున్నాయి. నాతో వచ్చిన గుంటూరు తమ్ముడు సొంత సైకిలే కావాలన్నాడు. విమానం దిగాక పెట్టె విప్పితే గేర్లు మార్చే డీరేలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క, హ్యాంగర్, వంగి ఉంది. ఆ విమాన సంస్థ కౌంటర్లో ఫారం నింపించుకుని పంపేశారు, అంతే. స్పేర్ హ్యాంగర్ తెచ్చుకున్నాడు కాబట్టి సరిపోయింది.

యాత్రికుల ఆఫీసు కోట వైపు ఎక్కే రాళ్ళ వీధిలో ఉంది. అక్కడ క్రెడెన్షియల్ ఇస్తారు. బస చేసిన ప్రతిచోటా ముద్ర వేయించుకునే మడత కార్డు అది. ఏ మతమన్న పట్టింపు లేదు. మా తమ్ముడు ఏటా భవానీ మాల వేసుకునే మనిషి, అతనికీ నాకిచ్చినట్టే ఇచ్చారు. సర్టిఫికెట్ కావాలంటే నడిచేవాళ్ళకి చివరి 100 కిలోమీటర్లు చాలు. సైకిల్ వాళ్ళకి 200 ఉండాలి.

దారులు రెండు. కొండ మీదుగా పోయే నెపోలియన్ దారి అందానికి పేరు పడింది, 1400 మీటర్లు దాటుతుంది, నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా మూసేస్తారు. పైన మట్టి, రాళ్ళు. బ్యాగులు కట్టిన సైకిల్‌తో అటు వెళ్ళొద్దనే నా సలహా. వాల్కార్లోస్ మీదుగా పోయే తారురోడ్డే మనకి దారి. ఆర్నెగీ దాకా ఏటి పక్కనే హాయిగా సాగుతుంది. అక్కడే సరిహద్దు. ఫ్రాన్స్ వాళ్ళు చవగ్గా మందూ సిగరెట్లూ కొనుక్కోవడానికి వచ్చే కొట్లు కనపడతాయి. వాల్కార్లోస్‌లో నీళ్ళు నింపుకుని, ఏదో ఒకటి కడుపులో వేసుకోండి, తర్వాత కనుమ దాకా కొట్టనేది కనపడలేదు. పదహారు కిలోమీటర్లు బీచ్ చెట్ల అడవిలో మలుపులే మలుపులు. వాలు మరీ నిటారుగా ఉండదు, కానీ ఎంతకీ తెగదు.

"అన్నా, ఇంకా ఎంతుంది?" అని తమ్ముడు అడగడం మానేసిన కాసేపటికి కనుమ వచ్చింది.

పైన పొగమంచు. చిన్న ప్రార్థనాలయం, దాని పక్కన యాత్రికులు పుల్లలతో కట్టి గుచ్చిపోయిన సిలువలు. మంచులో దారి తప్పకుండా పూర్వం ఇక్కడ గంట మోగించేవాళ్ళట. 778లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ సైన్యం వెనక దళం దెబ్బతిన్నది ఈ చుట్టుపక్కలే. చెమట పట్టిన చొక్కా మీద గాలి కొడితే వణుకు పుడుతుంది. జాకెట్ బ్యాగు అడుగున పెట్టకండి, దిగుడు మొదలవకముందే వేసుకోవాలి.

కనుమ దిగగానే రొన్సెస్‌వాయెస్, తొలిరోజు మజిలీ అదే. అక్కడి మఠం వారి బస 183 పడకలది. నెదర్లాండ్స్ నుంచి వచ్చే వాలంటీర్లు నడుపుతారు. నలుగురికో చిన్న గది లాంటి అర, లాకరు, సైకిళ్ళకి విడిగా చోటు. మనిషికి 20 యూరోల లోపే. శుభ్రానికి వంక పెట్టలేం. గురకకి మాత్రం ఎవరూ పూచీ కాదు, చెవుల్లో దూది తప్పదు. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. దారిలో చాలా పబ్లిక్ బసల్లో నడిచొచ్చినవాళ్ళకే ముందు చోటిస్తారు, సైకిల్ వాళ్ళు సాయంత్రం దాకా ఆగాలి. మధ్యాహ్నం బయల్దేరేవాళ్ళయితే వాల్కార్లోస్‌లోని చిన్న బసలో ఆగిపోవడం మేలు, ఎక్కుడు పొద్దున చల్లబాటున పడుతుంది.

భోజనమే తేలిపోయింది. సూప్, ట్రౌట్ చేప, బంగాళాదుంప వేపుడు, పెరుగు. చేప బాగుంది గానీ ఉప్పూ కారం తెలియలేదు, గుంటూరు నుంచి వచ్చిన కారప్పొడి పొట్లం అప్పుడు బయటికి తీశాం. శాకాహారులు భోజనం టికెట్ కొనేటప్పుడే చెప్పాలి. రాత్రి పూజలో యాత్రికులకి ఆశీర్వాదం ఉంటుంది. తమ్ముడూ వచ్చి కూర్చున్నాడు.

మర్నాడు పాంప్లోనా దాకా తేలికే. ఒక్క ఎర్రో కనుమ దిగుడులో మాత్రం నడక దారి పట్టకండి. రాళ్ళ పలకలు వానకి జారతాయి, రోడ్డు మీదే దిగండి.