స్కాగెన్‌లో బండి కదపని రోజు

డెన్మార్క్ మ్యాప్‌లో పైన వేలు చాపినట్టు ఒక సన్నటి కొన ఉంటుంది. దాని మీదున్న చేపల రేవే స్కాగెన్. అక్కడివాళ్ల నోట 'స్కేయిన్' అన్నట్టు వినిపిస్తుంది. జూన్ నెలాఖర్లో మేమిద్దరం లోపలే పడక, వంట వసతి ఉండే అద్దె క్యాంపర్ వ్యాన్‌లో చేరేసరికి రాత్రి తొమ్మిది. ఎండ ఇంకా గోడల మీదే ఉంది. పసుపు గోడలు, ఎర్ర పెంకులు, చుట్టూ తెల్ల కంచె. ఏ వీధి చూసినా అవే ఇళ్లు.

క్యాంపర్‌లో వెళ్లేవాళ్లకు ఒకటే చెప్తాను: బండి ఒకచోట ఆపితే ఊరు వదిలేదాకా ముట్టుకోకండి. నేల చదును, దూరాలు తక్కువ, సైకిళ్లుంటే చాలు. ఇసుక దిబ్బల పక్కన ఆపి పడుకుందామంటే కుదరదు. డబ్బు కట్టి క్యాంపర్ల స్థలంలోనే ఉండాలి.

మేం రేవు దగ్గర అలాంటి చోటే దిగాం. కరెంటు, మంచినీళ్లు, మురికినీళ్లు వదిలే గుంట, బండి టాయిలెట్ కింది డబ్బా (క్యాసెట్) ఖాళీ చేసుకునే వసతి, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. స్నానాల గది మాత్రం బాధపెట్టింది. కార్డు పెడితేనే వేడినీళ్లు. తల మీద షాంపూ ఉండగానే ఆగిపోయాయి. కార్డులో మళ్లీ డబ్బులు వేసే మిషనేమో ఆ చివర ఆఫీసులో ఉంది. ఇంత తీసుకునేవాళ్లు ఆ మిషన్ స్నానాల గది గుమ్మంలో పెట్టాలి కదా అనిపించింది. బండిలో షవర్ ఉంటే అదే వాడుకోండి.

పొద్దున్నే రేవుకెళ్లాం. 1907లో కట్టిన రేవు ఇది. ఒడ్డునున్న ఎర్రటి చేపల గిడ్డంగులు డెన్మార్క్ వాస్తుశిల్పి థోర్వల్డ్ బిండెస్‌బోల్ గీసిన నమూనాలు. ఇప్పుడు కొన్నిట్లో హోటళ్లు నడుస్తున్నాయి. ఒక పడవ పక్కన ఐసు పెట్టెల్లో బల్లపరుపు చేపలు, ప్లేస్ అంటారు, పరిచి ఉన్నాయి. గోధుమరంగు వీపు మీద నారింజ చుక్కలు, రెండు కళ్లూ ఒకవైపే. మధ్యాహ్నం అదే చేప వెన్నలో వేయించి రై అనే ధాన్యంతో చేసిన రొట్టె మీద పెట్టిచ్చారు. ధర ఎక్కువే. కానీ వేలితో తాకితే విడిపోయేంత తాజా చేప, నాకు డబ్బు పోయిందనిపించలేదు.

భోజనానికి ముందే గ్రేనెన్‌కు వెళ్లొచ్చాం. స్కాగెరాక్, కాటెగాట్ అనే రెండు సముద్రాలు కలిసే ఇసుక కొన అది. ట్రాక్టర్ లాగే బస్సు ఉంది, పెద్దవాళ్లుంటే ఎక్కించండి. కాళ్లు బాగుంటే అరగంట నడవండి. దారిలో రెండో ప్రపంచయుద్ధ కాలపు జర్మన్ బంకర్లు ఇసుకలో ఒరిగి ఉంటాయి. కొన దగ్గర ఎడమవైపు అల, కుడివైపు అల ఎదురెదురుగా వచ్చి ఢీకొని పైకి లేస్తాయి. నీళ్లలో నిలబడి రెండు పాదాలూ రెండు సముద్రాల్లో పెట్టాను. ప్రవాహాలు బలంగా ఉంటాయి, ఈత నిషేధం. పాదాలు తడిస్తే చాలు.

ఊళ్లో ఉన్న స్కాగెన్ మ్యూజియానికి రెండు గంటలైనా పెట్టుకోండి. 19వ శతాబ్దం చివర్లో ఇక్కడి వెలుతురు కోసం వచ్చిన చిత్రకారుల బొమ్మలున్నాయి. వాళ్లందరిలో ఈ ఊళ్లోనే పుట్టిన మనిషి అన్నా ఆంకర్, బ్రోండుమ్ హోటల్ వాళ్లమ్మాయి. ఆమె 1891లో వేసిన బొమ్మలో నీలి గదిలో చిన్నపిల్ల వీపు తిప్పి కూర్చుని అల్లుకుంటూ ఉంటుంది, కిటికీ ఎండ గోడ మీద పలకలుగా పడుతుంది. దాని ముందు నుంచి నేను కదల్లేకపోయాను.

ఇసుక మింగిన చర్చికి సైకిల్ మీద వెళ్లాం. ప్రార్థనకు వచ్చినవాళ్లు ఇసుక తవ్వుకుని లోపలికి వెళ్లాల్సి వచ్చేదట. చివరికి 1795లో మూసేశారు. తెల్ల గోపురం ఒక్కటే మిగిలింది, ఓడలకు గుర్తుగా ఉంటుందని కూల్చలేదు. చూడ్డానికి పావుగంట చాలు.

రాత్రి పది దాటాక పడమటి ఒడ్డున పాత స్కాగెన్‌లో సూర్యాస్తమయం చూశాం. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. తిరిగొచ్చేదారిలో లైటు అక్కర్లేదు, పసుపు గోడలే కనిపిస్తూ ఉన్నాయి. బండి దగ్గరకొచ్చి టీ పెట్టేసరికి పదకొండున్నర. ఆకాశం ఉత్తరాన ఇంకా తెల్లగానే ఉంది.