గోపాల్‌పూర్ గవ్వల దుకాణం: బీరువా వద్దు, బుట్ట చూడండి

మా బరంపురంలో ఇంటికి చుట్టాలొస్తే గోపాల్‌పూర్ తప్పదు, గోపాల్‌పూర్ వెళ్తే గవ్వల దుకాణం తప్పదు. ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పిన చేత్తో తీరంలోని ఒక దుకాణానికి పదికి ఆరు మార్కులు వేస్తున్నాను. అందులో అయిదు గుమ్మం పక్కనున్న వెదురు బుట్టవే.

అద్దాల బీరువా జోలికి పోకండి. 'లక్షల ఏళ్ళ నాటి శిలాజ శంఖం' అంటూ నాలుగు వందలు చెప్పారు. పైన వార్నిష్ మెరుపు, ముక్కు దగ్గర పెడితే ఇంకా నీచు వాసన! సంచులూ పలచనివి, బస్సు దిగేసరికి రెండు చిప్పలు విరిగాయి.

బుట్టలో ఉన్నవి దండలు గుచ్చుకునే చిల్లుల చిప్పలు, గుప్పెడు పది రూపాయలు. కొన్నిటికి మిషనుతో తూట్లు పొడిచారు. అంచులు పెచ్చులూడి ఉంటాయి కాబట్టి తెలిసిపోతుంది. తక్కినవి నత్తల పనే. ఇసుకలో దాగి వేటాడే నాటిసిడ్ నత్త చిప్పను పాదంతో చుట్టేసి, ఆమ్లంతో మెత్తబరుస్తూ, ఆకురాయి లాంటి నాలుకతో గీకుతుంది. పైన వెడల్పుగా, లోపలికి సన్నంగా, గరాటులా నున్నటి కన్నం పడుతుంది. మరో రకం వేట నత్త మ్యూరిసిడ్ తొలిస్తే అంచులు నిటారుగా దిగుతాయి. డైనోసార్లు తిరిగిన క్రెటేషియస్ కాలపు శిలాజ గుల్లల మీదా ఇదే గరాటు కన్నం కనిపిస్తుంది.

చిన్నతనంలోనే చూపు పోయిన శాస్త్రవేత్త గీరాట్ వెర్మే గుల్లలను వేళ్ళతో తడిమి ఈ వేట చరిత్రను చదివారు. గుల్ల పగలగొట్టే పీతలు, తొలిచే నత్తలు బలపడే కొద్దీ ఎర గుల్లలు దళసరి అయ్యాయని, మూతులు ఇరుకై ముళ్ళు మొలిచాయని 1977లో రాశారు. పీత నోట పడి బతికిన గుల్లకు అతుకు వేసినట్టు మచ్చ మిగులుతుంది. ఆ బుట్టలో అలాంటివి నాకు రెండు దొరికాయి.

మూడోది తీయబోతుంటే దుకాణం పెద్దావిడ వారించారు. "అది పనికిరాదు మాస్టారూ, దారం ఎక్కదు."

సగంలో ఆగిన కన్నం! భూతద్దం పెడితే గుంట నడుమ చిన్న బొడిపె. వేటగాడు ఎందుకు వదిలేశాడో గానీ, లోపలి ప్రాణి ఆ పూటకు గట్టెక్కింది.

"ఎంతమ్మా ఇది?"

"ఊరికే తీసుకోండి" అంటూ, దాన్ని మాత్రం పాత పేపరులో భద్రంగా చుట్టి ఇచ్చారు.